షోకు కాదు, షోకత్స్: వాషింగ్ మెషీన్‌లో నేను పాడుచేసిన జాకెట్టు

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే.

నా చేతిలో ఉన్న ఈ తెల్ల జాకెట్టు చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. భుజాల మీద, చేతుల అంచుల్లో ఎర్ర దారంతో పూలు, తీగలు ఉన్నాయి కదా. ఆ పూల చుట్టూ లేత గులాబీ రంగు మరకలు కనిపిస్తున్నాయా? అది డిజైన్ కాదు. నేను చేసిన ఘనకార్యం. ఎన్నో దశాబ్దాలు ఎక్కడెక్కడో పెట్టెల్లో ఉండి కూడా ఈ జాకెట్టుకి ఏమీ కాలేదు. నా చేతికి వచ్చిన నాలుగో రోజుకే ఇలా అయింది.

2022లో నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నాను. ఆన్‌సైట్ పేరుతో ఐదు నెలలు బుడాపెస్ట్‌లో వేశారు. హంగరీ రాజధాని. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు ఊరు తిరగడం. ఆ ఊళ్ళో ఎచెరి అని పాత సామాన్ల మార్కెట్ ఒకటుంది. మన ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫోన్ల పక్కన పాత పుస్తకాలు, వాటి పక్కన ఎవరిదో కుర్చీ ఉంటాయి చూశారా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ గ్రామఫోన్లు, సోవియట్ కాలం నాటి టోపీలు, పింగాణీ కప్పులు. ఒక మూల గుట్టగా బట్టలు. ఆ గుట్టలో ఇది దొరికింది. అక్కకి గిఫ్ట్ ఇద్దామనుకున్నాను. 12,000 ఫోరింట్లు చెప్పాడు, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేలకు అటూ ఇటూ. బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు అతను ఒక్క మాట అన్నాడు. "షొకాత్స్." నాకు హంగేరియన్ రాదు. బ్రాండ్ పేరేమో అనుకున్నాను. లేకపోతే మన "షోకు" లాంటి మాటేమో, "మంచి షోకుగా ఉంటుంది తీసుకో" అంటున్నాడేమో అనుకున్నాను. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను.

ఇంటికి తెచ్చి, పాత వాసన వస్తోందని ఆ వారం బట్టలతో కలిపి మెషీన్‌లో వేశాను. 40 డిగ్రీలు, మామూలు సైకిల్. తీసి చూసేసరికి రెండు పనులు జరిగిపోయాయి. ఎరుపు దిగి తెల్ల గుడ్డకి అంటుకుంది. ఇంకోటి నాకు మొదట అర్థమే కాలేదు. ఈ చేతులున్నాయి చూడండి, కొనేటప్పుడు ఇవి ఇలా వదులుగా లేవు. విసనకర్ర మడతల్లా సన్నసన్న కుచ్చిళ్ళు, ఒక్కో చేతికి వంద దాకా ఉండి ఉంటాయి, పక్కపక్కన నిలబడి ఉండేవి. అవి పోయాయి. ముడతలు పోయాయిలే, ఐరన్ ఖర్చు తప్పింది అనుకున్నాను. ఆ ముడతలే అసలు పని అని నాకు తెలీదు.

సోమవారం ఆఫీసులో నా టీమ్‌మేట్‌కి ఫోన్‌లో ఫొటో చూపించాను. హంగరీ అమ్మాయే. చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది షొకాత్స్ వాళ్ళది. మా అమ్మ తరఫు వాళ్ళు షొకాత్స్ వాళ్ళే. మా అమ్మమ్మకి ఇలాంటివి ఉండేవి" అంది. "ఉండేవి అంటే, ఇప్పుడో?" అన్నాను. భుజాలు ఎగరేసింది.

సరే, ఎవరు వీళ్ళు?

హంగేరియన్‌లో షొకాత్స్, వాళ్ళ సొంత భాషలో షోకత్స్. స్లావ్ జాతి వాళ్ళు, కాథలిక్కులు, ఎక్కువమంది తమను తాము క్రోయాట్లుగానే చెప్పుకుంటారు. మ్యాప్‌లో డాన్యూబ్ నదిని పట్టుకుని దక్షిణానికి రండి. హంగరీ, క్రొయేషియా, సెర్బియా మూడూ ఒకచోట కలుస్తాయి. ఆ మూల చుట్టుపక్కలంతా వీళ్ళ ఊళ్ళు. 17వ శతాబ్దం రెండో సగంలో ఒట్టోమాన్ల పట్టు సడలుతున్న రోజుల్లో, చాలా కుటుంబాలు ఫ్రాన్సిస్కన్ సన్యాసులతో కలిసి బోస్నియా వైపు నుంచి ఈ మైదానాలకి వచ్చాయి. అప్పుడు అదంతా ఒకే సామ్రాజ్యం కిందకి వచ్చింది కాబట్టి ఇబ్బంది లేదు. 1920 జూన్ 4న ట్రియనాన్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. బరాన్యా అనే వీళ్ళ ప్రాంతం మధ్యలోంచి గీత పడింది. ఇళ్ళు కదల్లేదు, పొలాలు కదల్లేదు, దేశం మాత్రం మారింది. గీతకి ఉత్తరాన ఉన్నవాళ్ళు హంగరీలో మైనారిటీ. తూర్పున బాచ్కా ప్రాంతంలో ఉన్నవాళ్ళు ఇప్పుడు సెర్బియాలో మైనారిటీ. క్రొయేషియాలోని స్లవోనియాలో ఉన్నవాళ్ళు మాత్రం మెజారిటీలో భాగం. ఒకే రకం జాకెట్టు, మూడు పాస్‌పోర్టులు.

వాళ్ళ మాట కూడా గమ్మత్తుగా ఉంటుంది. పాలని సెర్బియన్‌లో "మ్లేకో" అంటారు, ప్రామాణిక క్రొయేషియన్‌లో "మ్లియెకో" అంటారు. వీళ్ళు ఇంట్లో "మ్లికో" అంటారు. ఆ ఒక్క అచ్చు వింటే చాలు, అక్కడివాళ్ళు పట్టేస్తారు. మనకి "వస్తాండా", "వత్తన్నావా", "వస్తున్నవా" వింటే జిల్లా తెలిసిపోయినట్టు. బట్ట కూడా అలాగే మాట్లాడుతుందని నాకు తర్వాత తెలిసింది.

రెండు వారాల తర్వాత నా టీమ్‌మేట్ వాళ్ళ పిన్నిని చూడ్డానికి మొహాచ్ వెళ్తూ, నన్నూ రమ్మంది. జాకెట్టు కూడా తెమ్మంది. మొహాచ్ బుడాపెస్ట్‌కి దాదాపు 200 కిలోమీటర్లు దక్షిణాన, డాన్యూబ్ ఒడ్డున. హిస్టరీ చదివిన వాళ్ళకి 1526 మొహాచ్ యుద్ధం గుర్తొస్తుంది, హంగరీ రాజు ఒట్టోమాన్ల చేతిలో ఓడి ప్రాణాలు కోల్పోయిన యుద్ధం. రీల్స్ చూసేవాళ్ళకి ఇంకోటి గుర్తొస్తుంది: కొమ్ములున్న చెక్క ముఖాలు, బొచ్చు బయటికి తిప్పిన గొర్రెతోలు కోట్లు వేసుకుని వీధుల్లో గోల చేసే బూషో కార్నివాల్. శీతాకాలం చివర్లో, ఆరు రోజులు చేస్తారు. 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ పండగ మొహాచ్ షోకత్సులదే. అంటే ముఖాలు ప్రపంచమంతా తెలుసు, ఆ ముఖాల వెనకాల ఉన్నవాళ్ళు ఎవరో చాలామందికి తెలీదు.

నేను వెళ్ళింది నవంబర్. కార్నివాల్ లేదు, పొగమంచు మాత్రమే ఉంది. వాళ్ళ పిన్ని పక్కింట్లో ఒక బామ్మ ఉంది, ఎనభై దాటిన మనిషి. ఆవిడకి చూపిస్తే తెలుస్తుందన్నారు. వంటింట్లో టేబుల్ మీద గుడ్డ పరిచి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు పట్టుకుందండీ జాకెట్టుని. నేను బ్యాగ్‌లోంచి చార్జర్‌తో పాటు బయటికి లాగాను.

పట్టుకుని ఆవిడ మొదట అడిగిన ప్రశ్న ఒకటే. టీమ్‌మేట్ తర్జుమా చేసింది: "ఎవరిది?"

"నాదే" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ అడిగింది. "కాదు. ఎవరిది? ఏ ఇంటిది?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఫోన్‌లో దాని ఫొటోలు పద్నాలుగు ఉన్నాయి, ఊరి పేరు ఒక్కటీ లేదు.

ఆ తర్వాత రెండు మూడు నిమిషాల్లో ఆవిడ చదివేసింది. అవును, చదివింది అనే మాటే కరెక్ట్. ఎరుపు ఎక్కువుంది కాబట్టి వయసులో ఉన్నదాని బట్ట. ఆ ప్రాంతాల్లో ఆడవాళ్ళ బట్టల రంగు వయసుతో పాటు మారుతుంది. కన్నెపిల్లలకీ కొత్త కోడళ్ళకీ ఎరుపు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక నీలం, ముదురు రంగులు, ఆ తర్వాత నలుపు. ముందు భాగంలో ఛాతీ కింద పువ్వు లేదు, ఎందుకంటే అక్కడ ఏప్రన్ కప్పేస్తుంది. కనబడని చోట దారం వృథా చెయ్యరు. తర్వాత లోపల అంచు తిరగేసి, నేను అసలు గమనించని ఒకటి చూపించింది. ఎర్ర దారంతో క్రాస్ స్టిచ్‌లో రెండు చిన్న అక్షరాలు. పెళ్ళికూతురి ఇనీషియల్స్. మధ్య ఐరోపాలో పాత రోజుల్లో పెళ్ళికూతురు తీసుకెళ్ళే బట్టల మీద ఇలా గుర్తు కుట్టుకునేవాళ్ళు, ఉమ్మడి ఇళ్ళలో చాకిరేవు నుంచి వచ్చాక ఎవరివి వాళ్ళు తీసుకోవడానికి. మన సారె పెట్టెలో గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టు. ఆ అక్షరాలు వీడియోలో చూపించను. ఎవరో ఒకరి ఇంటివి కదా.

తర్వాత ఆ గులాబీ మరకల మీద వేలు పెట్టి నావైపు చూసింది. టీమ్‌మేట్ చెప్పేసింది, వాషింగ్ మెషీన్ అని. తిడుతుందనుకున్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని, జాకెట్టు చేయి మీద పెట్టి, కుచ్చిళ్ళు ఎలా పెడతారో చూపించడం మొదలుపెట్టింది. గుడ్డని తడిగా ఉన్నప్పుడే గోరుతో ఒక్కో మడత పట్టాలి, పక్కపక్కన పేర్చాలి, దారంతో కట్టాలి, బరువు కింద పెట్టి ఆరనివ్వాలి. ఒక్కో ఉతుక్కీ మళ్ళీ మొదటి నుంచి. అందుకే ఊరికే ఉతికేవాళ్ళు కాదట. నేను నాలుగు మడతలు పెట్టాను, మూడు జారిపోయాయి.

ఇక్కడ కాస్త ఆగి, ఇలాంటి బట్ట ఎలా తయారయ్యేదో చెప్పాలి. ఎందుకంటే నేను చూసినంతలో, ఆన్‌లైన్‌లో ఇవి అమ్మేవాళ్ళు "వింటేజ్, హ్యాండ్ ఎంబ్రాయిడరీ, బోహో" అని మూడు మాటలు పెట్టి వదిలేస్తారు. బోహో ఏంటండీ బాబూ!

పని సూదితో మొదలవ్వదు, పొలంలో మొదలవుతుంది. డాన్యూబ్ మైదానాల్లో హెంప్ పండించేవాళ్ళు. అదే గంజాయి జాతి మొక్క, కాకపోతే నార కోసం పెంచే రకం, కిక్కు గురించి ఆలోచించకండి. కోసి, కట్టలు కట్టి, నీళ్ళలో నానబెట్టి, మన గోగునార తీసినట్టే కుళ్ళనిచ్చి, ఎండబెట్టి, దంచి, దువ్వి, అప్పుడు నార. శీతాకాలమంతా ఆడవాళ్ళు కూర్చుని వడకడం, తర్వాత మగ్గం మీద నెయ్యడం, తర్వాత తెల్లబడేదాకా తడిపి ఎండలో పరచడం. ఇంతా అయ్యాక అది ఒట్టి తెల్ల గుడ్డ. 19వ శతాబ్దంలో మిల్లు నూలు దొరకడం మొదలయ్యాక ఈ కష్టం కొంత తగ్గింది. జాకెట్టుని వాళ్ళ మాటలో ఒప్లెచాక్ అంటారు, భుజాలు అనే మాటలోంచి వచ్చిన పేరు. కింద కుచ్చిళ్ళ పావడా, దాని మీద ఏప్రన్, మీద శాలువా. పెళ్ళయితే జుట్టు కనబడకుండా టోపీయో రుమాలో.

ఇక కుట్లు. రకరకాలు ఉన్నాయి. నాకు మతిపోగొట్టినవి రెండు. ఒకటి ష్లింగా. తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతోనే, చిన్న చిన్న రంధ్రాలు కోసి, వాటి అంచులు దగ్గర దగ్గరగా కుట్టేస్తారు. మన కట్‌వర్క్ లాంటిది. దూరం నుంచి చూస్తే లేసు, దగ్గరికి వస్తే గాలి. రెండోది జ్లాతోవెజ్. జ్లాతో అంటే బంగారం, వెజ్ అంటే కుట్టుపని. పండగ బట్టలకి మాత్రమే. స్లవోనియాలో దీనికి పెద్ద పేరు, క్రొయేషియా దీన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో పెట్టుకుంది. ఎలా చేస్తారంటే, ముందు పువ్వు ఆకారంలో అట్టముక్క కత్తిరించి గుడ్డ మీద పెడతారు. బంగారు దారాన్ని ఆ అట్ట మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి, ఆ అంచు నుంచి ఈ అంచుకి పరుస్తారు. ప్రతి అంచు దగ్గరా సన్నటి మామూలు దారంతో పట్టి బిగిస్తారు. కిటుకు ఏంటంటే, బంగారు దారం గుడ్డ లోపలికి దిగదు. మొత్తం పైనే ఉంటుంది. ఖరీదైన సరుకు కదా, వెనకవైపు ఎవరు చూస్తారు? గుడ్డ తిప్పి చూడండి, వెనకాల అంతా ఉత్త నూలు దారమే.

ఇది వింటుంటే మీలో ఎవరికైనా ఇంట్లో బ్లౌజ్ కుట్టించిన అనుభవం ఉంటే వెంటనే వెలగాలి. మన మగ్గం వర్క్‌లో జర్దోసీ పని కూడా ఇదే కుటుంబం. కింద నూలుతో ఎత్తు పెట్టడం, పైన లోహపు తీగ, దాన్ని వేరే దారంతో పట్టడం. మధ్యలో ఒట్టోమాన్ ప్రపంచం ఇటూ అటూ రెండువైపులా ఆనుకుని ఉంది కాబట్టి చుట్టరికం ఉండొచ్చని నా ఊహ. అక్కడివాళ్ళు చర్చి పూజారుల పట్టు వస్త్రాల ప్రభావం కూడా ఉందంటారు. ఇంకో చుట్టరికం మాత్రం ఊహ కాదు, కళ్ళారా చూశాను. పండగ ఫొటోల్లో అమ్మాయిల మెడలో వరసగా బంగారు నాణేలు, డుకాట్లు. పెళ్ళికి అందరూ చూసేలా వేస్తారు. అచ్చం మన కాసులపేరు. "వాళ్ళకెంత పెట్టారో" అని లెక్కపెట్టే పెద్దమ్మలు అక్కడ కూడా ఉండే ఉంటారు.

పక్కనే ఇంకో గుంపు ఉంది, బున్యెవత్సులు. సెర్బియాలో సుబోటిత్సా, హంగరీలో బాయా చుట్టుపక్కల. వాళ్ళలో కొందరు మేం క్రోయాట్లమే అంటారు, కొందరు కాదు మేం వేరే జాతి అంటారు. సెర్బియా జనాభా లెక్కల్లో రెండింటికీ వేరు వేరు గడులు. ఆ గొడవలోకి నేను వెళ్ళను. వాళ్ళ బట్టల గురించి ఒక్కటి చెప్తాను. పొలాలున్న బున్యెవత్స్ ఆడవాళ్ళు 19వ శతాబ్దం చివర్లో పండగ బట్టలకి ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి పట్టు తెప్పించుకునేవాళ్ళు. రైతుల ఇళ్ళే, మేడలు కావు. 1911లో సుబోటిత్సాలో ఒక కాథలిక్ పూజారి, బ్లాష్కో రాయిచ్, ఇళ్ళలో చేసుకునే కోతల పండగని చర్చికి తెచ్చాడు. దుజియాంత్సా అంటారు. ఇప్పటికీ ఏటా చేస్తారు, గోధుమ గడ్డితో కిరీటాలు అల్లుతారు, ఆ పట్టు బట్టలు బయటికి తీస్తారు. అంటే ఆ బట్టకి ఇంకా ఒక తేదీ ఉంది. పెట్టెలోంచి బయటికి రావడానికి ఒక కారణం ఉంది. స్లవోనియాలో జాకొవో అనే ఊళ్ళో కూడా 1967 నుంచి ఒక పండగ ఉంది, దాని పేరులోనే కుట్టుపని అనే మాట ఉంది. లక్కీ బట్టలు అవి.

మరి నా జాకెట్టు ఎచెరి గుట్టలోకి ఎలా వచ్చింది? దాని దారి నాకు తెలిసే అవకాశం లేదు. కానీ ఇలాంటివి ఎలా వస్తాయో బామ్మ వంటింట్లోనే అర్థమైంది. ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ వేరే ఊళ్ళలో. మనవలకి భాష రాదు. రెడీమేడ్ బట్టలు వచ్చాక, ఫ్యాక్టరీ ఉద్యోగాలు వచ్చాక, రోజూ కట్టేది పండక్కి కట్టేదయింది. పండక్కి కట్టేది పెట్టెలోకి పోయింది. పెద్దావిడ పోతుంది, ఇల్లు అమ్ముతారు, ఇల్లు ఖాళీ చేసేవాడికి పెట్టె మొత్తం కలిపి ఒక రేటు. ఎవరూ దొంగలు కాదు ఇందులో. ఇది నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ విలన్లు చెయ్యడం ఈజీ. ఎచెరిలో ఆ ముసలాయన కొనకపోతే ఆ గుట్ట చెత్తబండిలోకి వెళ్ళేది. కనీసం అతనికి "షొకాత్స్" అనే మాట తెలుసు. నాకు అదీ తెలీదు.

అన్నిచోట్లా ఇంత నెమ్మదిగా జరగలేదు. సెర్బియాలో స్రెమ్ అనే ప్రాంతం నుంచి 1990ల మొదట్లో, యుద్ధం రోజుల్లో, బెదిరింపుల వల్ల చాలామంది క్రోయాట్లు ఇళ్ళు వదిలేశారు. క్రొయేషియాలోని సెర్బు కుటుంబాలతో ఇల్లుకి ఇల్లు మార్పిడి చేసుకుని వెళ్ళినవాళ్ళు ఉన్నారు. హ్ర్త్‌కోవ్‌త్సి అనే ఊళ్ళో 1992 మే 6న చేసిన ప్రసంగం విషయంలో వొయిస్లావ్ షెషెల్ అనే సెర్బియా నాయకుడిని 2018లో అంతర్జాతీయ కోర్టు అప్పీల్లో దోషి అని తేల్చింది. నేను ఆలోచించేది చిన్న విషయం. అలా వెళ్ళేటప్పుడు బండిలో ఏం వేసుకుంటారు? ఫ్రిజ్ వేసుకుంటారా, నానమ్మ పెట్టె వేసుకుంటారా? సెర్బియా లెక్కల్లో క్రోయాట్లు 2011లో 57,900 మంది, 2022లో 39,107. పదకొండేళ్ళలో దాదాపు మూడో వంతు తగ్గారు. చావులు, వలసలు, లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు వేరే పేరు చెప్పడం, అన్నీ కలిసి. ఒక్కో అంకె వెనకాలా ఒక పెట్టె ఉంటుంది కదా అనిపిస్తుంది నాకు.

నేను డేటాబేస్‌ల మీద పనిచేసిన మనిషిని కాబట్టి నా బుర్ర అలాగే ఆలోచిస్తుంది. టేబుల్‌లో రో ఉంది. కానీ అది ఏ మనిషికి చెందిందో చెప్పే కీ డిలీట్ అయిపోయింది. రో పాడవ్వలేదు, అందంగానే ఉంది, షోకేస్‌లో పెట్టుకోవచ్చు. జాయిన్ మాత్రం చెయ్యలేం.

బామ్మ ఇంటినుంచి బస్సులో తిరిగి వస్తుంటే నాకు మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. మా అమ్మమ్మ పెళ్ళిచీర, ముదురు ఆకుపచ్చ పట్టు, జరీ అంచు. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని స్కూటర్ మీద మైక్ పెట్టుకుని ఒకతను వచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోయింది, కట్టేవాళ్ళు లేరు, ఇచ్చేశాం. ఆ డబ్బుతో ఏం కొన్నామో కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆ చీరలు తీసుకెళ్ళి ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. కాల్చేస్తారు. పట్టు బూడిదయ్యాక జరీలో వెండి మిగులుతుంది, దానికి రేటు. అప్పటికే నా జేబులో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఒక్క ఫొటో తియ్యలేదు. నెలకి ఎన్ని జీబీ బిర్యానీ ఫొటోలు తీశానో!

ఆ షోకత్స్ జాకెట్టుని కనీసం ఎవరూ కాల్చలేదు. నేను ఉతికాను అంతే.

సరే, మీలో కొందరు ఇలాంటివి ఆన్‌లైన్‌లో కొంటారని నాకు తెలుసు, నాకు డీఎమ్‌లు వస్తుంటాయి. అందుకని పనికొచ్చే ముక్కలు చెప్తాను. కొనేముందు వెనకవైపు ఫొటో అడగండి. చేతిపని అయితే వెనక దారాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకి దారం దాటిన గుర్తులు కనిపిస్తాయి. మెషీన్ అయితే కింద బాబిన్ దారం ఒకే లెక్కలో వస్తుంది. అలాగని మెషీన్ కనిపించగానే మోసం అనుకోవద్దు. 20వ శతాబ్దంలో కుట్టుమిషన్లు ఊళ్ళకి వచ్చాక, పల్లె ఆడవాళ్ళే దాని మీద ఎంబ్రాయిడరీ చేశారు, అది కూడా వాళ్ళ పనే. రంగు సంగతి నా ఖర్చుతో నేర్చుకోండి: కనబడని చోట దారం మీద తడి చేసిన తెల్ల దూది ఒక నిమిషం అద్ది చూడండి. దూదికి రంగు అంటితే ఇక నీళ్ళు ముట్టించొద్దు. నీడలో గాలికి ఆరబెట్టడంతో సరిపెట్టుకోండి. లోహపు దారం ఉంటే అసలు నీళ్ళే వద్దు. కలరా ఉండలు దానికి తగలనివ్వొద్దు, నల్లబడుతుంది, ఇది మీ అమ్మకి ఎలాగూ తెలుసు. ప్లాస్టిక్ కవర్‌లో మూసిపెట్టకండి, పాత నూలు పంచెలో చుట్టండి. మడిచి పెడితే ఆ మడత దగ్గరే చిరుగుతుంది, కాబట్టి చుట్టండి, లేదా అప్పుడప్పుడు మడత మార్చండి.

వీటన్నిటికంటే ముందు అమ్మేవాళ్ళని అడగాల్సింది ఒకటుంది. ఏ ఊరినుంచి వచ్చింది, ఏ ఇంటినుంచి, మీకెప్పుడు దొరికింది. చాలాసార్లు జవాబు రాదు. కానీ ఒక్కోసారి వస్తుంది. ఈ జాకెట్టు తర్వాత నేను ఆన్‌లైన్‌లో ఒక ఏప్రన్ గురించి అలా అడిగితే, అమ్మే ఆవిడ "మా అత్తగారిది" అని ఊరిపేరుతో సహా నాలుగు లైన్లు రాసింది. అప్పటిదాకా లిస్టింగ్‌లో ఆ నాలుగు లైన్లు లేవు. ఎందుకు పెట్టలేదంటే, ఎవరూ అడగలేదంది. నేను ఆ ఏప్రన్ కొనలేదు. కొంటే ఆ ఊరికి ఇంకా దూరం అవుతుందనిపించింది. పిచ్చి లాజిక్ అని మా అక్క అంది, అయ్యుండొచ్చు.

అన్నట్టు, పాత ఏప్రన్లు కోసి జాకెట్లు, హ్యాండ్‌బ్యాగులు కుట్టి అమ్మడం కూడా చూశాను. చిరిగిపోయిన బట్టతో చేస్తే నాకు అభ్యంతరం లేదు. బాగున్నదాన్ని కోస్తే మాత్రం నాకు మండుతుంది. నేను ఉతికినవాణ్ణి కాబట్టి మండడానికి నాకెంత హక్కుందో మీరే చెప్పండి.

మళ్ళీ ఆ వంటింటికి వస్తాను. బయల్దేరే ముందు జాకెట్టు బామ్మకే ఇచ్చేద్దామనుకున్నాను. న్యాయంగా అదే కరెక్ట్ అనిపించింది. ఆవిడ వద్దంది. మర్యాదకి కాదు, ఖచ్చితంగా వద్దంది. "నా పెట్టె ఏమవుతుందో నాకే తెలీదు, దీన్ని కూడా అందులో ఎందుకు వెయ్యడం?" అంది. అక్కడ మొహాచ్‌లోనే మైనారిటీ జాతుల బట్టలు దాచే మ్యూజియం ఉంది కదా అని టీమ్‌మేట్ అంటే, వాళ్ళ దగ్గర మంచివి ఉన్నాయి, ఉతికింది వాళ్ళకెందుకు అని నవ్వింది. తర్వాత ఒక కాగితం తెమ్మంది. తను చెప్తూ ఉంటే టీమ్‌మేట్ రాసింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, లోపలి అంచుకి, ఆ రెండు అక్షరాల పక్కన, తెల్ల దారంతో నాలుగు కుట్లు వేసి తగిలించింది. ఇదిగో, ఇదే.

అక్కకి ఈ జాకెట్టు ఇవ్వలేదు. వేరే గిఫ్ట్ కొన్నాను. ఇది నా అల్మారాలో పంచెలో చుట్టి ఉంటుంది, వీడియో కోసం ఇవాళ తీశాను.

కాగితం మీద ఏముందో చదివేస్తాను. "షోకత్స్ ఒప్లెచాక్. ఊరు తెలియదు, మొహాచ్ టౌన్‌ది కాదు, పల్లెది. కొత్తగా పెళ్ళైన పిల్లది. ఆదివారం చర్చికి. చేతిపని, బాగా కుట్టింది." దాని కింద ఇంకో లైన్ ఉంది. అది వద్దని టీమ్‌మేట్ అంటే, బామ్మ పట్టుబట్టి రాయించింది. "2022లో ఇండియా అబ్బాయి మెషీన్‌లో వేశాడు."

ఇవాళ్టికి ఇంతే. ఉంటాను.